ముందే సిద్ధమైన కోటు

పోస్టమ్మ కటింగు గదిలో అడుగుపెట్టేసరికి గోడ గడియారం సరిగ్గా నాలుగు చూపిస్తోంది. ఆరింటికి పోలీసులొస్తారు. ఆలోగా అసలు దొంగ తేలకపోతే, గది మూలన స్టూలు మీద ముడుచుకుని కూర్చున్న నలభై ఏళ్ళావిడ వాళ్ళ జీపెక్కాలి. చేతిలో ఉన్నది రెండు గంటలు. ఆ కుట్టు దుకాణంలో రెండు గంటల్లో కోటు కాలరు కూడా పూర్తవదు.

"ముందు ఫోన్లన్నీ బల్ల మీద పెట్టండి," అంది పోస్టమ్మ కుర్చీ లాక్కుంటూ. "నేను మాట్లాడుతుంటే ఎవరి జేబూ మోగకూడదు."

"నా ఫోను కూడానా?" అన్నాడు టై ఆఫీసరు.

"మీదే ముందు."

టై ఆఫీసరంటే బ్యాంకు పంపిన పరిశోధకుడు. మెడలో ఎర్ర టై, చంకలో ల్యాప్‌టాపు, పెదవి చివర చిన్న నవ్వు, ఈ మూడూ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పోస్టమ్మంటే ఆయనకి గిట్టదు. పోయినేడాది ఆయన పట్టుకున్న దొంగ, దొంగతనం జరిగిన సమయానికి ఆసుపత్రిలో ఆపరేషను బల్ల మీద ఉన్నాడని ఆవిడ నలుగురిలో రుజువు చేసింది. ఆ రోజు నుంచీ ఆవిడ పేరు వింటే ఆయనకి తాగే కాఫీ కూడా చేదెక్కుతుంది.

పోస్టమ్మన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఇరవై రెండేళ్ళు పోస్టాఫీసులో, చిరునామాకి చేరని ఉత్తరాల గదిలో పనిచేసింది. దొంగ ఉత్తరాన్ని విప్పకుండానే పసిగట్టేది. ఉద్యోగం వదిలేసినా ఆ ముక్కు వదల్లేదు. ఇప్పుడు మనుషుల కేసులు చూస్తోంది, అంతే తేడా.

నాలుగు ఫోన్లు వరసగా కటింగు బల్ల మీదకి చేరాయి. టై ఆఫీసరుది, దుకాణం యజమాని మాస్టరుగారి మీటల ఫోను, స్టూలు మీదావిడ పగిలిన అద్దం ఫోను, ఆఖర్న వెండిరంగు తొడుగున్న ఖరీదైన ఫోను. ఆ చివరిది మాస్టరుగారి అల్లుడిది. దాన్ని బోర్లా పెట్టి, పక్కనున్న గుండుసూదుల మూతని కాస్త జరిపాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ కాజాల తాత మాత్రం చేతులు ఖాళీగా చూపించాడు.

"నాకు ఫోన్లేదు తల్లీ. నా దగ్గరున్నది సూదొక్కటే."

పోస్టమ్మని పిలుచుకొచ్చింది ఆ తాతే. ముప్ఫై ఏళ్ళుగా ఆ దుకాణంలో కోట్లకి కాజాలు కుడుతున్నాడు. మాస్టరుగారు మాత్రం ఆవిడని చూడగానే ఉలిక్కిపడ్డాడు. నిన్న మధ్యాహ్నం బూడిదరంగు కోటుకి కొలతలిచ్చి వెళ్ళింది ఈవిడే కదా! నోరు తెరవబోతే పోస్టమ్మ కళ్ళతోనే వారించింది. ఆయన తెరిచిన నోరు మూసుకున్నాడు.

జరిగిందేమిటంటే, ఐదు వారాల్లో ఆ దుకాణం కస్టమర్లు పదకొండు మందికి ఈమెయిళ్ళొచ్చాయి. దుకాణం పేరు మీదే. 'మీ కోటు ఫలానా తారీకుకి సిద్ధం. మీ అడ్వాన్సు బ్యాంకు దగ్గర ఆగిపోయింది. రెండు గంటల్లోగా కింది లింకు నొక్కి, కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు నింపండి. లేకపోతే ఆర్డరు రద్దవుతుంది.' బిల్లు నంబరు సరిగ్గా ఉంది, గుడ్డ రంగు సరిగ్గా ఉంది. పదకొండు మందీ నమ్మి నింపారు. గంట తిరక్కుండా పదకొండు కార్డులూ ఊడ్చుకుపోయాయి.

"ఆ వివరాలన్నీ ఒక్కచోట ఉండేది కౌంటరు కంప్యూటర్లో," అన్నాడు టై ఆఫీసరు, గది మధ్యకొచ్చి నిలబడి. "దాని పాస్‌వర్డు తెలిసింది ఒక్కరికి. మాస్టరుగారి మరదలికి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను నాలుగు రోజుల్లో పట్టాను."

మరదలంటే స్టూలు మీద కూర్చున్నావిడే, మాస్టరుగారి తమ్ముడి భార్య. తమ్ముడు ఓడల మీద పని. ఏడాదికి ఎనిమిది నెలలు నీళ్ళ మీదే. కౌంటరూ, కంప్యూటరూ, ఫోనూ అన్నీ ఆవిడే చూసుకుంటుంది.

"మీరు చెప్పండమ్మా," అంది పోస్టమ్మ.

"ఏం చెప్పమంటారండీ," అంది ఆవిడ. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "పదకొండు మందీ ఫోను చేసి నన్నే తిట్టారు. ఒకాయనైతే, నీ గొంతు వింటేనే జేబు తడుముకోవాలనిపిస్తోంది అన్నాడు. పన్నెండేళ్ళుగా వాళ్ళందరితో మాట్లాడిన గొంతండీ ఇది. నిన్నట్నుంచీ ఫోను ఎత్తాలంటే చెయ్యి వణుకుతోంది. అదంతా ఒక ఎత్తు. బావగారు రెండ్రోజులుగా నా ముఖం చూడ్డం లేదు. జైలుకైనా పోతానుగానీ, ఆయన అలా తల తిప్పుకుంటే తట్టుకోలేను."

మాస్టరుగారు అప్పుడూ గోడకేసే చూస్తున్నాడు. అల్లుడు లేచి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాడు.

"తాగండి చిన్నత్తయ్యా. నిజం చెప్పేస్తే శిక్ష తగ్గుతుందట. మంచి లాయర్ని నేను చూస్తాగా," అన్నాడు మెత్తగా. నోట్లో వేలు పెట్టినా కొరకలేనంత మెతక మనిషిలా ఉన్నాడు.

పోస్టమ్మ ఆ గ్లాసునీ, ఆ చేతినీ ఒకసారి చూసి, సంచీలోంచి కాగితాల దొంతర తీసింది. పదకొండు ఈమెయిళ్ళూ అచ్చు తీయించి తెచ్చింది.

"ఆఫీసరుగారూ, మీరు ఇవి చదివారా?"

"పదిసార్లు."

"ఉత్తరం చదివారు. కవరు చదివారా?"

"ఈమెయిలుకి కవరేమిటండీ?" ఆయన నవ్వు పెదవి చివర నుంచి మధ్యకి పాకింది.

"పైన కనబడే పేరు దుకాణానిదే. బోర్డు ఎవడైనా రాయించుకోవచ్చు. ఆ పేరు మీద వేలుపెట్టి చూస్తే వెనకాల అసలు చిరునామా బయటపడుతుంది. ఇదిగో, దుకాణానికీ దీనికీ ఏడు తరాల్లో చుట్టరికం లేదు. రెండోది, తొందర. రెండు గంటల్లో నింపకపోతే రద్దట. నిజమైన దుకాణం ఎక్కడైనా మనల్ని తరుముతుందా? ఆలోచించుకోనివ్వకూడదన్నవాడే తరుముతాడు. మూడోది, కార్డు వెనకున్న మూడంకెలు. అమ్మా, మీరెప్పుడైనా ఎవరినైనా అవి అడిగారా?"

"ఎందుకడుగుతానండీ? కౌంటరు దగ్గర మిషన్లో కార్డు వాళ్ళే పెడతారు, నంబరు వాళ్ళే నొక్కుతారు. నేను అటు తిరిగి నిలబడతాను."

"చూశారా? నిజంగా ఈవిడే దొంగైతే కార్డు నంబర్లు తెలుసుకోవడానికి ఈమెయిళ్ళెందుకు? రోజూ కళ్ళ ముందుకే వస్తున్నాయి కదా."

టై ఆఫీసరు చేయి విదిలించాడు. "అది ఊహ. కోర్టులో ఊహలు నిలబడవు. నాకు సాక్ష్యం కావాలి."

"ఇస్తాను. టైమెంతైంది?"

"నాలుగూ ఇరవై ఐదు."

"చాలా ఉంది." పోస్టమ్మ మొదటి కాగితం మరదలి చేతికిచ్చింది. "ఈ నీలం కోటు కస్టమరుకి ఏ తారీకున ఇస్తామన్నారు?"

"పద్దెనిమిది. నాకు గుర్తే. ఆయన కూతురు పాటల పోటీ పంతొమ్మిదిన."

"ఈమెయిల్లో ఏముంది?"

ఆవిడ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "పదిహేను."

"ఈ గోధుమరంగుది?"

"ఇరవై రెండన్నాను. ఇందులో... పంతొమ్మిదని ఉంది."

మూడోది, నాలుగోది, ఐదోది. పదకొండు కాగితాలూ తిరగేశారు. పదకొండింట్లోనూ సరిగ్గా మూడు రోజుల తేడా. గోడకేసి చూస్తున్న మాస్టరుగారు మెల్లగా ఇటు తిరిగాడు. ఆయన మెళ్ళో వేలాడుతున్న కొలత టేపుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మాస్టరుగారూ," అంది పోస్టమ్మ, "ఈ మూడు రోజులు ఎక్కడివి?"

"అది... దుకాణం రహస్యమండీ."

"ఒక మనిషి జైలుకి పోతుంటే రహస్యమేమిటండీ!"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "పనివాళ్ళ కోసం గుడ్డకి ఒక చీటీ గుచ్చుతాను. దాని మీద కస్టమరుకి చెప్పిన తారీకు రాయను. మూడు రోజులు ముందుది రాస్తాను. పద్దెనిమిదని రాస్తే వీళ్ళు ఇరవై ఒకటికి ఇస్తారు. పదిహేనని రాస్తే చచ్చీచెడీ పద్దెనిమిదికి ఇస్తారు. మా నాన్నగారి కాలం నుంచీ అంతే."

"మాకు తెలుసుగా," అన్నాడు కాజాల తాత గుమ్మం దగ్గర్నుంచి. "అందుకే మేమూ ఇంకో మూడు రోజులు జరుపుతాం."

అంత బాధలోనూ మరదలి పెదవులు కదిలాయి. మాస్టరుగారు తాతకేసి గుడ్లురిమాడు. ముప్ఫై ఏళ్ళుగా తనని ఎవరు ఆడిస్తున్నారో ఆయనకి ఆ క్షణాన అర్థమైంది.

"ఈ సంగతి మీ మరదలికి తెలుసా?"

"తెలియదు. తెలియనివ్వలేదు. తనది జాలిగుండె. తెలిస్తే ఆ ముందు తారీకే కస్టమరు చెవిలో వేసేస్తుంది. చీటీ ఈ బల్ల మీద, నా చేత్తో నేనే రాసి గుచ్చుతాను. తను ఈ గదిలోకే రాదు."

"కంప్యూటర్లో ఉన్నది?"

"కస్టమరుకి చెప్పిన తారీకేనండీ," అంది మరదలు. "పద్దెనిమిదంటే పద్దెనిమిదే."

పోస్టమ్మ కాగితాల దొంతర బల్ల మీద చప్పుడయ్యేలా పడేసింది. "విన్నారుగా ఆఫీసరుగారూ. దొంగ చూసింది కంప్యూటరు కాదు, ఈ గదిలోని చీటీ. అసలు ఈ ఉత్తరం దొంగదని చెప్పడానికి ఆ తారీకొక్కటి చాలు. చెప్పిన రోజు కంటే ముందే బట్టలిచ్చిన దర్జీ ఈ భూమ్మీద ఎవడైనా ఉన్నాడా? పదకొండు మందీ అక్కడే ఆగాల్సింది. ఆశ! కోటు మూడు రోజులు ముందొస్తోందన్న సంతోషంలో కార్డు ఇచ్చేశారు. దొంగకీ దర్జీల సంగతి తెలియదు. చీటీ మీదున్నదే నిజమైన తారీకనుకున్నాడు."

మాస్టరుగారికి దర్జీల మీద మాట కాస్త గుచ్చుకున్నట్టుంది. కానీ కాదనలేకపోయాడు.

టై ఆఫీసరు ల్యాప్‌టాపు మూసి చంకలో పెట్టుకున్నాడు. ఓడిపోయేటప్పుడు గొంతు పెంచే అలవాటు ఆయనది. "అయితే పనివాళ్ళలో ఎవరో అంటారు! కుదరదు. చీటీ మీద ఈమెయిలు చిరునామా ఉండదు."

"బిల్లు రెండో సగం మీద ఉంటుంది. అది గుడ్డ మడతలోనే కదా మాస్టరుగారూ?"

"అవునండీ. పైకి కనబడేలా, చీటీ పక్కనే గుచ్చుతాను. పేరు, ఫోను, ఈమెయిలు. తారీకు మాత్రం ఉండదు."

"అయినా కుదరదు," అన్నాడు టై ఆఫీసరు. "ఈ గదిలో కెమెరా ఉంది. నెల రోజుల వీడియో కూర్చుని చూశాను. ఒక్క పనివాడు కూడా చీటీ రాసుకోలేదు, ఫొటో తియ్యలేదు."

"ఆ వీడియో మీకెవరిచ్చారు?"

"అల్లుడుగారు. కెమెరా బిగించింది ఆయనే. ఊళ్ళో దుకాణాలన్నిటికీ ఆయనే బిగిస్తారు."

"నా బాధ్యతగా ఇచ్చానండీ," అన్నాడు అల్లుడు, చేతులు కట్టుకుని.

పోస్టమ్మ కెమెరాకేసి చూసింది. లేచి, మరదలు కూర్చున్న స్టూలు అడిగి తీసుకుంది. కటింగు బల్ల పక్కన వేసుకుని, కొంగు బిగించి దాని మీదికెక్కింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి స్టూలెక్కుతుంటే కాజాల తాత పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. పైకప్పుకి బిగించిన గుండ్రటి కెమెరా పక్కన తల ఆనించి, అది చూసే చోటుకే చూసింది. తలుపు కనబడలేదు. గుడ్డల బీరువా కనబడలేదు. కింద బల్ల మాత్రం అరచేతిలో ఉన్నట్టుంది. బల్ల మధ్య మాస్టరుగారు సుద్దతో గీసుకున్న చదరం, చీటీ గుచ్చే చోటు, సూటిగా దాని కిందే ఉంది.

"ఇది పెట్టి ఎన్నాళ్ళైంది?"

"ఆరు వారాలు," అన్నాడు మాస్టరుగారు. "రెండు తానులు పోయాయని పెట్టించాం."

"మొదటి ఈమెయిలు వచ్చింది ఐదు వారాల కిందట. తానులెత్తుకుపోయేవాడు తలుపులోంచి పోతాడా, బల్లలోంచి పోతాడా?"

"తలుపు వైపే పెట్టమన్నానండీ నేను. అల్లుడుగారే..." మాస్టరుగారు ఆ మాట పూర్తిచేయలేదు.

"వెలుతురు కోసం మామయ్యగారూ," అన్నాడు అల్లుడు వెంటనే. "తలుపు వైపు ఎండ పడుతుంది. అయినా నన్నెవరైనా ఏదైనా అన్నారా ఇప్పుడు? నేనేం తీశానని?"

"ఎవరూ ఏమీ అనలేదు బాబూ," అంది పోస్టమ్మ కిందికి దిగుతూ. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది మీరే."

అల్లుడి మెడ ఎర్రబడింది. మాస్టరుగారు చటుక్కున అడ్డొచ్చాడు. "పోస్టమ్మగారూ, మాట తూలకండి. ఆయన మా ఇంటి అల్లుడు. నా కూతురి భర్త."

"తెలుసండీ. తమ్ముడి భార్యని అనుమానించడానికి మీకు ఒక్క పూట సరిపోయింది. అల్లుణ్ణి అనుమానించాలంటే ఏడు జన్మలు కావాలి." పోస్టమ్మకి నిజంగానే కోపమొచ్చింది. ఇలాంటి లెక్కలు చూసినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండుతుంది. "సాక్ష్యం లేకుండా నేనూ మాట్లాడను. ఇప్పుడు టైమెంత?"

"ఐదు కావస్తోంది," అన్నాడు టై ఆఫీసరు. ఆయన గొంతు తగ్గింది. కళ్ళు మాత్రం కెమెరా మీదే ఉన్నాయి.

"పోస్టాఫీసులో ఉత్తరాలు మాయమైతే మేమేం చేసేవాళ్ళమో తెలుసా? పరీక్ష ఉత్తరాలు వదిలేవాళ్ళం. ఒక్కో సంచీలో ఒక్కో గుర్తు పెట్టిన ఉత్తరం. ఏ గుర్తుది మాయమైతే ఆ సంచీ మోసినవాడే దొంగ. నిన్న మధ్యాహ్నం పన్నెండూ యాభైకి ఈ దుకాణంలో బూడిదరంగు కోటుకి ఆర్డరిచ్చాను. మా అక్క పేరు మీద. ఈమెయిలు చిరునామా నిన్న పొద్దున్నే తెరిచింది. ఈ దుకాణంలో తప్ప ఇంకెక్కడా ఇవ్వలేదు. అమ్మా, కంప్యూటర్లో ఏ తారీకు ఎక్కించారు?"

"ఇరవై నాలుగు," అంది మరదలు, నిన్నటి కస్టమరు ఈవిడేనని అప్పుడే గుర్తుపట్టి.

"మాస్టరుగారూ, మీ చీటీలో?"

"ఇరవై ఒకటి."

"ఒంటిగంటా పదికి పనివాళ్ళు భోజనాలకెళ్ళారు. అప్పుడు నేనూ తాతా ఈ గదిలోకొచ్చాం. నేను కెమెరాకి అందకుండా గోడ పక్కన నిలబడి చీటీ మార్చాను. నా చీటీ మీద పదిహేడు. తాత ఆ గుడ్డని చదరంలో పెట్టాడు. గడియారం చూసుకుంటూ నాలుగు నిమిషాలు ఉంచాం. ఒంటిగంటా పద్నాలుగుకి గుడ్డని మళ్ళీ గోడ పక్కకి తెచ్చి, నా చీటీ తీసి సంచీలో వేసుకుని, మాస్టరుగారి చీటీ మళ్ళీ గుచ్చాను. పదిహేడన్న అంకెని చూసినవాళ్ళం ముగ్గురం. నేను, తాత, పైకప్పులోని ఆ కన్ను."

"తాత ఎవరికైనా చెప్పి ఉండొచ్చుగా?" అన్నాడు టై ఆఫీసరు. అలవాటు కొద్దీ అన్నాడు తప్ప అందులో మునుపటి ఊపు లేదు.

"తాతా, ఈమెయిలంటే ఏమిటి?"

"కరెంటుతో నడిచే కుట్టుమిషనేగా?" అన్నాడు తాత.

పోస్టమ్మ సంచీలోంచి గీతలు పడ్డ పాత ఫోనొకటి తీసి తెరిచింది. "ఇవాళ పొద్దున్న పదీ ముప్ఫై ఐదుకి మా అక్కకి ఉత్తరమొచ్చింది. చదవండి ఆఫీసరుగారూ. గట్టిగా."

ఆయన తీసుకుని చదివాడు. "మీ బూడిదరంగు కోటు పదిహేడో తారీకుకి సిద్ధం..." అక్కడ ఆగిపోయాడు. ఒక చెయ్యి తనంతట తానే మెడ దగ్గరికి పోయి టై ముడి వదులు చేసింది.

బయట కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పనివాళ్ళు వింటున్నారని అర్థమైంది.

"కెమెరా చూసేది ఒక్క నేనేనా?" అన్నాడు అల్లుడు. మెత్తదనం పోయింది. "మామయ్యగారి ఫోనుకీ పెట్టాను. ఇంకెవడో దారిలో దొంగిలించి చూస్తుండొచ్చు. ఏదీ, నేనే పంపానని చూపించండి!"

"మామగారిది మీటల ఫోను బాబూ. దాంట్లో ఫొటోనే కనబడదు." పోస్టమ్మ పాత ఫోను వెనక్కి తీసుకుంది. "మీరే పంపారని చూపించమన్నారుగా, చూపిస్తాను. ఇలాంటి లింకుని ఇంట్లో ఎవరూ నొక్కకూడదు. ఇది బ్యాంకువాళ్ళని అడిగి తెచ్చిన ఖాళీ ఫోను. దీన్లో దోచుకోవడానికి గాలి కూడా లేదు. అందుకని నొక్కుతున్నాను. ఫారమొచ్చింది. పేరు, ఫోను నంబరు, కార్డు నంబరు. పేరు దగ్గర పోస్టమ్మ అని కొడుతున్నాను. కార్డు దగ్గర అన్నీ సున్నాలు. అందరూ బల్ల మీదకి చూడండి."

ఆవిడ వేలు నొక్కింది.

బల్ల మీద వెండిరంగు ఫోను జుయ్యిమని వణికింది. పక్కనున్న మూతలో గుండుసూదులు గలగలలాడాయి.

"యాదృచ్ఛికం," అన్నాడు అల్లుడు.

పోస్టమ్మ మళ్ళీ నొక్కింది. మళ్ళీ సూదులు గలగలలాడాయి. మూడోసారి నొక్కే ముందు ఆవిడ మాస్టరుగారి ముఖంలోకి చూసింది. "ఇది మీ చేత్తో నొక్కండి. నా మాట మీద మీకు నమ్మకం అక్కర్లేదు."

మాస్టరుగారు ముందుకొచ్చాడు. నలభై ఏళ్ళుగా కత్తెర పట్టిన వేలు ఒకసారి ఆగి, ఆ అద్దం మీద పడింది. సూదులు గలగలలాడాయి. టై ఆఫీసరు చెయ్యి చాచి వెండి ఫోనుని వెల్లకిలా తిప్పాడు. తాళం తీయక్కర్లేకుండానే మూడు వరసలు కనబడుతున్నాయి. పోస్టమ్మ, పోస్టమ్మ, పోస్టమ్మ.

అల్లుడు గుమ్మం వైపు ఒక్క అడుగేశాడు. కాజాల తాత పక్కకి తప్పుకుంటాడనుకున్నాడేమో. తాత కదల్లేదు. ఆయన వెనకాల కుట్టుమిషన్లు వదిలొచ్చిన ఆరుగురు పనివాళ్ళు నిలబడి ఉన్నారు. టై ఆఫీసరు కూడా వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాడు.

"కంచే చేను మేసింది," అన్నాడు ఆయన. "నేను ఆ కంచెనే సాక్ష్యం అడిగాను." ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో పోస్టమ్మకి తెలుసు. అందుకే ఈసారికి వదిలేసింది. లోపల మాత్రం పండగలా ఉంది.

మాస్టరుగారు మరదలి ముందుకెళ్ళి నిలబడ్డాడు. రెండ్రోజుల తరవాత మొదటిసారి ఆవిడ ముఖం చూశాడు. "నా కూతురికేం చెప్పుకోవాలో నాకు తెలియదమ్మా. ముందు నీకు చెప్పుకోవాల్సింది చెప్పుకుంటాను. తప్పైపోయింది. నిన్ను అడక్కుండానే నమ్మేశాను."

"మీరు చూశారు, అది చాలు బావగారూ," అంది ఆవిడ. ఆపుకున్న ఏడుపంతా అప్పుడు బయటికొచ్చింది.

సూదులు మళ్ళీ గలగలలాడాయి.

అందరూ పోస్టమ్మ చేతికేసి చూశారు. ఆవిడ ఫోను మూసి ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఈసారి ఎవరూ నొక్కలేదు.

టై ఆఫీసరు ఒక్క గెంతులో బల్ల దగ్గరికొచ్చాడు. వెండి ఫోను మీద నాలుగో వరస. ఎవరో ఒకావిడ పేరు, ఫోను నంబరు, పక్కనే ఒక కళ్ళజోళ్ళ దుకాణం పేరు. ఆ దుకాణంలోనూ కెమెరా బిగించింది ఈ అల్లుడే. ఎక్కడో ఏ గదిలోనో ఆవిడ ఈ నిమిషాన కార్డు నంబరు నింపేసింది.

"ఎన్ని దుకాణాలు?" అని అడిగింది పోస్టమ్మ.

అల్లుడు నేల చూశాడు. "పంతొమ్మిది."

"ఆవిడకి ఇప్పుడే ఫోను చెయ్యాలి. ఎవరు చేస్తారు?" అంది పోస్టమ్మ. అడిగింది గదిలో అందరినీ. చూసింది ఒక్కర్నే.

మరదలు కళ్ళు తుడుచుకుంది. పగిలిన అద్దం ఫోను అందుకుంది. ఒక్కో అంకే చూసుకుంటూ నంబరు నొక్కింది.

"నమస్కారమండీ. మీరు ఇప్పుడే కళ్ళజోడు కోసం కార్డు వివరాలు నింపారు కదా? అది దొంగ ఉత్తరం. కాదండీ, నా మాట నమ్మొద్దు. నేనెవరో మీకు తెలియదు. నాకేమీ చెప్పొద్దు. ఈ ఫోను పెట్టేసి, మీ కార్డు వెనకాల అచ్చేసి ఉన్న బ్యాంకు నంబరుంటుంది, దానికి చేసి కార్డు ఆపించండి. ఆ ఒక్క నంబరే నమ్మండి. ముందు ఆ పని చెయ్యండి."

ఐదూ పద్దెనిమిది. ఐదూ ఇరవై. గడియారం ముల్లు కదిలిన చప్పుడు కూడా వినబడుతోంది. ఐదూ ఇరవై మూడుకి పగిలిన అద్దం ఫోను మోగింది. మరదలు స్పీకరు నొక్కింది.

"ఆగింది తల్లీ!" అంది ఒక ముసలి గొంతు. "అర నిమిషం ఆలస్యమైతే పోయేదట, బ్యాంకమ్మాయి చెప్పింది. కళ్ళజోడు నాలుగు రోజులు ముందే సిద్ధమంటే ఎంత మురిసిపోయానో! నీ గొంతు చల్లగా ఉండ! ఎవరమ్మా నువ్వు?"

మరదలు స్పీకరుకేసి చూసింది. మాస్టరుగారు ఫోను దగ్గరికి వంగాడు.

"మా ఇంటి మనిషండీ," అన్నాడు గట్టిగా, బయట వీధిలోకి వినబడేలా. "మా దుకాణం గొంతు అది."

గుమ్మం దగ్గర పనివాళ్ళు కేకలేశారు. తాత కళ్ళొత్తుకున్నాడు. పోస్టమ్మ సంచీ భుజానికి తగిలించుకుని, "ఇంతకీ నా కోటు ఎప్పుడిస్తారు మాస్టరుగారూ?" అంది.

"ఇరవై నాలుగన్నాం కదండీ," అన్నాడు ఆయన. తాత ముఖం చూసి సర్దుకున్నాడు. "ఇరవై ఏడనుకోండి."

ఆ నవ్వులు ఇంకా ఆగలేదు. బల్ల మీద సూదులు మళ్ళీ కదిలాయి. ఐదో వరస, ఆ వెంటనే ఆరోది. ఎవరూ చెప్పకముందే మరదలు స్టూలు బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది. కన్నీళ్ళు చెంపల మీద ఆరనేలేదు, ఆవిడ వేలు అప్పుడే నంబరు నొక్కుతోంది.